చెప్పుకోవడానికి ఒక మనిషి

మన ఆలంకారికులు శృంగార నాయికలను ఎనిమిది విధాలుగా విభజించారు. భరతముని నాట్యశాస్త్రంలోనూ, ఓరుగల్లు ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయంలోనూ, ఆ తరువాతి గ్రంథాలలోనూ ఈ విభజన స్థిరంగా నిలిచింది. భర్తను తన ప్రేమతో కట్టివేసుకున్న స్వాధీనపతిక, ఇల్లూ ఒళ్ళూ అలంకరించుకుని ఎదురుచూచే వాసకసజ్జిక, అతని రాక ఆలస్యమైతే తల్లడిల్లే విరహోత్కంఠిత, సంకేతస్థలంలో వంచితురాలైన విప్రలబ్ధ, పరస్త్రీ చిహ్నాలతో వచ్చినవాణ్ణి చూచి మండిపడే ఖండిత, కోపంలో అతణ్ణి పొమ్మని పిదప కుమిలిపోయే కలహాంతరిత, భర్త దేశాంతరం పోగా ఒంటరిగా మిగిలిన ప్రోషితభర్తృక, ప్రియుని వెదుక్కుంటూ తానే బయలుదేరే అభిసారిక. వీరిని ఎనిమిదిమంది వేర్వేరు స్త్రీలుగా భావించనక్కరలేదు. ఒకే స్త్రీకి వేర్వేరు వేళల కలిగే ఎనిమిది అవస్థలుగా పెద్దలు చెబుతారు.

యంత్రభాగాలు ఎన్ని రకాలుగా అరిగిపోతాయో, ఎన్ని రకాలుగా విరిగిపోతాయో పట్టికలు వేసుకునే వృత్తిలో ముప్ఫై ఏళ్ళకు పైగా గడిపిన నాకు ఈ జాబితా మొదటిసారి చూచినప్పుడు ఎంతో ముచ్చట కలిగింది. హృదయానికి కూడా పట్టిక వేసిన జాతి మనది! అయితే ఆ పట్టికలో నన్ను ఆపి నిలబెట్టిన పేరు ఒక్కటే. అది కలహాంతరిత. ప్రేమించినవారిని మాటతో గాయపరచి, ఆ తరువాత పశ్చాత్తాపపడే మనిషికి మన పూర్వులు ప్రత్యేకంగా ఒక పేరు పెట్టారు. పైగా ఆ అవస్థను దోషాల జాబితాలో వేయక, అలంకరించుకుని ఎదురుచూడటం వలెనే, అలిగి కూర్చోవడం వలెనే ప్రేమలో సహజంగా వచ్చే ఒక దశగా గుర్తించారు. ఈ చిన్న విషయం గురించే పాఠకులతో నాలుగు మాటలు పంచుకోవాలని ఈ వ్యాసం.

నేను చదివినది ఇంజనీరింగు. పెరిగినది ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో. బడిలో ఇంగ్లీషు, హిందీ, బెంగాలీ నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలను మా నాన్నగారు ఇంట్లోనే పలకపై దిద్దించారు. ఉద్యోగరీత్యా పలు ప్రాంతాలు తిరిగి, నలభై దాటిన తరువాత, తీరిక దొరికిన సాయంకాలాలలో పాత తెలుగు కావ్యాలు కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాను. కనుక ఇది పండితుని విమర్శ కాదని, ఆలస్యంగా బడిలో చేరిన విద్యార్థి అనుభవమని మనవి.

నేను ముందుగా చదివినది గాథాసప్తశతి. శాతవాహన ప్రభువైన హాలుడు కూర్చిన ఈ ఏడువందల ప్రాకృత గాథల సంకలనాన్ని తాను నూత్న యౌవనంలోనే తెనిగించినట్లు శ్రీనాథ మహాకవి చెప్పుకున్నాడు. ఆ గ్రంథం మనకు దక్కలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు ఆ గాథలలో కొన్నింటిని మధురమైన తెలుగు పద్యాలుగా అనువదించి మన లోటు కొంత తీర్చారు. ఆ గాథలలో రాజులు, రాణులు అరుదు. పొలం కాపులు, వేటగాళ్ళు, అత్తాకోడళ్ళు, గోదావరి ఒడ్డున తిరిగే పడుచులు, దారినపోయే బాటసారులు కనిపిస్తారు. అందులో ఒక ఇల్లాలు భర్త ఊరు వెళ్ళిన నాటినుండి రోజుకొక గీత చొప్పున గోడమీద లెక్క పెట్టుకోదలచింది. అతడు వెళ్ళిన మొదటి రోజు మధ్యాహ్నానికే గోడంతా గీతలతో నిండిపోయింది. కొలతలతో బ్రతికే నావంటివానికి ఆ గోడ మరపురానిది. ఆమెకు లెక్క రాక కాదు. ఆమె కొలుస్తున్న కాలానికీ, సూర్యుడు కొలిచే కాలానికీ పొంతన లేదు, అంతే.

ఆ గోడను గురించి చదువుతున్నప్పుడు నాకు గోదావరీ తీరం కన్నా మా ఖరగ్‌పూరే ఎక్కువగా గుర్తుకు వచ్చింది. అందుకు కారణం చెప్పాలంటే ఆ ఊరి సంగతి కొంత చెప్పాలి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఖరగ్‌పూర్‌ను తన ప్రధాన కూడలిగా మలచుకున్నది. బెజవాడ నుండి కటకం వరకు 1890 దశకంలో నిర్మితమైన తూర్పుతీర రైలుమార్గంలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో ఆ కంపెనీ అధీనంలోకి వచ్చింది. దానితో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెలకు ఖరగ్‌పూర్ వర్క్‌షాపు ఒక రాత్రి ప్రయాణం దూరమైంది. విశాఖ నుండి సుమారు 765 కిలోమీటర్లు. కలాసీలుగా, ఫిట్టర్లుగా, బాయిలర్ పనివారుగా మనవారు వేలాదిగా తరలివెళ్ళారు. నేటికీ గోల్‌బజార్‌లోనూ, మథురాకాటిలోనూ, నీమ్‌పురాలోనూ తెలుగు మాట వినిపిస్తుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించాలని నిర్ణయించడానికి ఈ ఊరి తెలుగువారే ఒక ముఖ్య కారణం.

ఆ ఊరి రైల్వే ప్లాట్‌ఫారం 1072 మీటర్ల పొడవుతో చాలాకాలం ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరుపొందింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని మించిపోయాయి. ఆ పొడవును చూచి మేము గర్వపడేవాళ్ళం. కానీ దానిపై దిగినవారిలో చాలామంది ఒంటరిగా దిగినవారే. భార్యాబిడ్డలు ఊళ్ళో ఉండేవారు. మగవారు నలుగురైదుగురు కలిసి ఒక గదిలో వంట చేసుకుని, ఏడాదికొకసారి సంక్రాంతికి ఊరు వెళ్ళేవారు. అంటే ఇచ్ఛాపురం నుండి విజయనగరం దాకా ఎన్నో ఇళ్ళలో ఒక్కొక్క ప్రోషితభర్తృక ఉండేదన్నమాట. వారెవరికీ ఆ పేరు తెలియదు. గోడమీద గీతలు గీసినా, గీయకపోయినా, లెక్క మాత్రం అందరూ పెట్టుకునేవారు.

మా అమ్మ వారిలో ఒకతె. సోంపేట దగ్గరి ఒక చిన్న పల్లె మాది. నాన్నగారు 1961లో వర్క్‌షాపులో చేరారు. అమ్మా, అక్కా, నేనూ ఖరగ్‌పూర్ చేరినది 1977లో. మధ్యలో పదమూడేళ్ళ కాపురం ఉత్తరాలపై నడిచింది. ఆ ఉత్తరాలు ఎట్లా ఉండేవో మా తరానికి తెలుసు. ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను, ఎర్రావు ఈనింది, వరి కోత అయింది, నాన్నకు దగ్గు తగ్గలేదు. అంతకు మించి ఉండేది కాదు. ఎందుకంటే అమ్మకు చదువు రాదు. ఆమె చెబితే బడిపంతులుగారు రాసేవారు. నాన్నగారు రాసినది ఆయనే వచ్చి అరుగుమీద పైకి చదివేవారు. మామగారు, ఆడబిడ్డలు, ఇరుగుపొరుగు చుట్టూ కూర్చుని వినేవారు. అటువంటి ఉత్తరంలో ఏ మొగుడు ఏ పెళ్ళానికి ఏమి చెప్పగలడు?

అమ్మ 2009లో కాలం చేసింది. నాన్నగారు ఆ తరువాత ఎనిమిదేళ్ళు మాతో ఉన్నారు. 2014లో ఒక సాయంత్రం నేను క్షేత్రయ్య పదాల పుస్తకం ముందు పెట్టుకుని చదువుతుంటే ఆయన పక్కన వచ్చి కూర్చున్నారు. ఆయనకు కావ్యాలతో పరిచయం లేదు గాని, చిన్నతనంలో మా ప్రాంతపు తూర్పు భాగవతం మేళాలు రాత్రంతా చూచిన మనిషి. సత్యభామ వేషం కట్టిన పురుషుడు జడ ముందుకు వేసుకుని తెర వెనుకనుండి రావడం, కృష్ణునితో పంతం పోవడం, ఆయన అలిగి వెళ్ళిపోగానే గర్వమంతా దిగిపోయి ఉత్తరం రాసి మాధవి చేత పంపడం, ఇవన్నీ ఆయనకు కంఠోపాఠం. పైకి చదవమన్నారు. చదివాను. కోపంలో మువ్వగోపాలుణ్ణి పొమ్మన్న నాయిక తన తొందరపాటును సఖితో చెప్పుకుని బాధపడే పదం అది. నాన్నగారు కొంతసేపు ఊరకున్నారు. తరువాత అన్నారు: "ఆ అమ్మికి సెప్పుకోడానికి ఓ మనిసుందిరా. మీ యమ్మకెవులున్నారు?"

అప్పుడు ఆయన చెప్పిన సంగతి ఇది. 1968 సంక్రాంతికి ఆయన ఊరు వెళ్ళినప్పుడు అమ్మ తననూ తీసుకుపొమ్మని అడిగింది. గదిలో నలుగురు మగవాళ్ళం, ఎక్కడ పెట్టను అన్నారు ఈయన. మాట మాట పెరిగింది. ఆయన నోటివెంట ఒక మాట వచ్చింది. అది ఏ మాటో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. సెలవు ఇంకా రెండు రోజులుండగానే తెల్లవారుజామున లేచి స్టేషనుకు నడిచి వెళ్ళిపోయారు. ఖరగ్‌పూర్‌లో దిగేసరికే తాను చేసినదేమిటో తెలిసిందట. కానీ తెలిసి ఏమి లాభం? ఆ మాట వెనక్కు తీసుకుంటున్నానని ఉత్తరం రాస్తే పంతులుగారు అరుగుమీద చదువుతారు. అసలు గొడవ జరిగిందన్న సంగతే ఎవరికీ తెలియదు.

ఆయన ఒక పని చేశారు. అంతవరకు మా తాతగారి పేరున పంపే మనియార్డరును ఆ నెలనుండి అమ్మ పేరున పంపారు. మనియార్డరు ఫారం అడుగున సందేశం రాయడానికి చిన్న జాగా ఉండేది. అందులో క్షేమం అని మాత్రం రాశారు. డబ్బు ముట్టినట్లు సంతకం చేసిన రసీదు పంపినవారికి తిరిగి వచ్చేది. అమ్మకు సంతకం రాదు కనుక ఆ రసీదుపై ఆమె బొటనవేలి ముద్ర వచ్చింది. అట్లా ఎనిమిది నెలలు, ఎనిమిది రసీదులు. తొమ్మిదో నెలలో దసరాకు ఆయన ఊరు వెళ్ళారు. అమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చింది. ఇద్దరిలో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. 1977 నుండి 2009 వరకు ఒకే కప్పు క్రింద ముప్ఫైరెండు సంవత్సరాలు అన్యోన్యంగా కాపురం చేశారు. అప్పుడూ ఎత్తలేదు. "పేరు మార్చి పంపినాను గదా, అది దానికి తెలిసిందో నేదో" అన్నారు చివరకు. ఆయన రేకు పెట్టెలో ఆ ఎనిమిది రసీదులూ ఉన్నాయి.

నాన్నగారి మాట విన్న తరువాత క్షేత్రయ్యను నేను చదివే తీరు మారింది. కృష్ణా మండలం మువ్వకు చెందినవాడనీ, పదిహేడవ శతాబ్దంలో తంజావూరు విజయరాఘవ నాయకుని వంటి ప్రభువుల ఆదరణ పొందాడనీ, నాలుగువేలకు పైగా పదాలు రచించాడనీ చెప్పే ఈ వాగ్గేయకారుని పదాలలో మనకు దక్కినవి కొన్ని వందలు మాత్రమే. వాటిలో నాయిక శూన్యంలోకి మాట్లాడటం అరుదు. సఖితోనో, దూతికతోనో, లేదా ఎదుట నిలిచిన మువ్వగోపాలునితోనో మాట్లాడుతుంది. ఇదివరలో ఈ సఖిని నేను ఒక కావ్య సంప్రదాయంగా, అలంకారంగా మాత్రమే భావించేవాణ్ణి. ఇప్పుడు ఆమె లేనిదే పదం లేదనిపిస్తున్నది. రెండు పెట్టెల నడుమ కప్లింగు లేకపోతే ఇంజనుకు ఎంత బలమున్నా వెనుక పెట్టె కదలదు. పశ్చాత్తాపం కూడా అంతే. మనసులో ఎంత ఉన్నా, దానిని అవతలి మనిషికి అందించే లంకె కావాలి. నిన్న పొమ్మన్నానని ఈరోజు సఖికి చెప్పుకోగలిగిన నాయిక రేపు ప్రియునితో కలిసే అవకాశం ఉంది. చెప్పుకోలేనివారికి ఆ నిన్న ఎన్నాళ్ళయినా గడవదు.

ఈ పదాలను పాడటంలో ఒక విశేషం ఉంది. పల్లవిని విడిచి అనుపల్లవితో ఎత్తుకునే సంప్రదాయం చాలా పదాలకు ఉంది. బాధలో ఉన్న మనిషి కథను మొదటినుండి చెప్పదు, మధ్యలో ఎక్కడో అందుకుని తరువాత అసలు మాటకు వస్తుంది. ఆ స్వభావం గానపద్ధతిలోనే ఇమిడిపోయిందా అనిపిస్తుంది. మరొక విశేషం, ఈ తెలుగు పదాలను ప్రాణప్రదంగా కాపాడినవారు అధికంగా తమిళదేశంలోని దేవదాసీ కుటుంబాలవారు. వీణ ధనమ్మాళ్ కుటుంబంలో అవి తరం నుండి తరానికి గురుముఖంగా అందాయి. ఆమె మనుమరాలు బాలసరస్వతి వాటిని అభినయించి లోకానికి చూపింది. తెలుగు మాట తెలుగునేలకు దూరంగా బ్రతకడం ఖరగ్‌పూర్‌వాసులకు కొత్త కాదు కనుక, ఈ సంగతి నాకు ప్రత్యేకంగా ప్రీతి కలిగించింది.

అయితే క్షేత్రయ్య పురుషుడు. స్త్రీ తన పశ్చాత్తాపాన్ని తానే రాస్తే ఎట్లా ఉంటుంది? ఈ ప్రశ్నతో ముద్దుపళని రాధికా సాంత్వనం చదివాను. తంజావూరు మరాఠా ప్రభువైన ప్రతాపసింహుని కాలంలో, అంటే పద్దెనిమిదవ శతాబ్ది మధ్యభాగంలో, ఆమె ఈ శృంగార ప్రబంధం రచించింది. బెంగుళూరు నాగరత్నమ్మగారు దీనిని పరిష్కరించి 1910లో వావిళ్ళవారి ద్వారా ప్రచురింపజేస్తే, అశ్లీలమని 1911లో ప్రభుత్వం నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశంగారి ప్రభుత్వం ఆ నిషేధాన్ని తొలగించింది. ముప్ఫైయారేళ్ళు ఒక పుస్తకం నేరస్థురాలిగా గడిపిందన్నమాట. శృంగారం అందులో దండిగా ఉన్నమాట వాస్తవమే. కానీ కథకు ఇరుసు వేరు. రాధ తాను పెంచిన ఇళను తానే కృష్ణునికిచ్చి పెళ్ళి చేస్తుంది. ఇద్దరికీ తానే బుద్ధులు చెబుతుంది. ఆ తరువాత వారి అన్యోన్యత చూచి తట్టుకోలేకపోతుంది. చివరకు కృష్ణుడు వచ్చి ఆమెను అనునయిస్తాడు. క్షేత్రయ్య నాయిక కోపంలో నోరుజారి బాధపడితే, ముద్దుపళని రాధ మంచితనంతో చేసిన పనికి బాధపడుతుంది. ఎవరిని నిందించాలి? తన ఔదార్యాన్నా? ఇంత చిక్కని వ్యథను రెండువందల యాభై ఏళ్ళ క్రితం ఒక తెలుగు కవయిత్రి సంకోచం లేకుండా చెప్పింది. దానిని చదవకుండా అశ్లీలమని పక్కన పెట్టినవారు పోగొట్టుకున్నదేమిటో వారికి తెలియదు.

ఈ పాత కవుల దగ్గర పశ్చాత్తాపం ఎప్పుడూ నిర్దిష్టంగా ఉంటుంది. ఎవరిని, ఎప్పుడు, ఏ మాటన్నామో వారికి తెలుసు. 1925లో వెలువడిన కృష్ణపక్షం మొదలైన భావకవితలలో దుఃఖం ఆకాశమంతా పరచుకుంటుంది. దాని అందం దానిదే, నేను దేవులపల్లివారి అభిమానినే. కానీ ఆకాశమంతటి దుఃఖానికి ఎవరూ జవాబు చెప్పలేరు. నిన్న రాత్రి అన్న ఒక మాటకు ఈరోజు జవాబు చెప్పవచ్చు. పాత పదాలు నావంటి సామాన్యునికి దగ్గరగా తోచడానికి ఇది కారణం.

ఆ కవులు చెప్పకుండా వదిలినదీ ఒకటి ఉంది. కావ్యంలో కలహం ఒక రాత్రిది, లేదా ఒక ఋతువుది. తెల్లవారేసరికో, వసంతం వచ్చేసరికో నాయకుడు వస్తాడు, మంగళం పాడతారు. సుఖంగా సాగిన ముప్ఫైరెండేళ్ళ కాపురం అడుగున, ఎవరికీ కనపడకుండా, చెప్పని ఒక మాట ఉండిపోగలదని ఏ ఆలంకారికుడూ రాయలేదు. ఎనిమిదిమంది నాయికలలో మా అమ్మ దేనిలోకి వస్తుందో, నాన్నగారి అవస్థకు ఏ పేరు పెట్టాలో నాకు తెలియదు. పట్టికలో గడులు చాలలేదు. అయినా ఆ పట్టిక, ఆ పదాలు లేకపోతే ఆ సాయంత్రం నాన్నగారు నోరు విప్పేవారే కారు. తన బాధకు పోలిక ఒకటి ఎదుట కనిపిస్తేనే కొందరు మాట్లాడగలరు. ఒక పుస్తకం పైకి చదివినందుకు మా ఇంటికి కలిగిన మేలు అది. ఎనభైకి చేరువలో ఉన్న ఆయనకు ఆ రాత్రి నేను సఖినయ్యాను.

ఈ పత్రిక చదివే సోదర ఉద్యోగులలో అనేకులు బదిలీలపై, ప్రాజెక్టు పనులపై కుటుంబాలకు దూరంగా ఉన్నవారే. పిల్లల చదువులకోసం భార్య ఒక ఊళ్ళో, ఉద్యోగంకోసం భర్త మరొక ఊళ్ళో, లేదా అటూ ఇటూ మారి, ఉంటున్న సంసారాలు మనలో ఎన్నో. మన చేతిలో ఫోను ఉంది, ముఖం చూచుకుంటూ మాట్లాడే సౌకర్యం ఉంది, మధ్యలో పంతులుగారు లేరు. అయినా రాత్రి తొమ్మిదింటి సంభాషణ తిన్నావా, ఫీజు కట్టావా, గ్యాసు వచ్చిందా అన్నంతలో ముగుస్తుంది. మా తాతల కాలపు క్షేమం అన్న మాట వేషం మార్చుకుని ఇంకా మన మధ్యనే తిరుగుతున్నది. మొన్నటి కోపం సంగతి ఎవరో ఒకరు ముందుగా ఎత్తితే బాగుండునని ఇద్దరూ అనుకుంటూ ఫోను పెట్టేస్తారు.

క్షేత్రయ్య పదాలు, గాథాసప్తశతి అనువాదం, రాధికా సాంత్వనం తెలుగు పుస్తకాలున్న మంచి గ్రంథాలయాలలో దొరుకుతాయి. అందరూ సాహిత్యాభిమానులు కానక్కరలేదు. ఒక పదం తీసి, ఇంట్లోవారికి వినబడేలా ఒకసారి పైకి చదివి చూడండి. వినేవారి దగ్గర మనకు తెలియని రసీదులు ఎన్ని ఉన్నాయో అప్పుడు గాని తెలియదు.